రష్యన్ జాజ్ పియానో ట్రియో అంటే అందులో రష్యా ఎక్కడుంది?

బెజవాడ_బాబీ
పోయిన శనివారం ఒక హోటల్లో "రష్యన్ జాజ్ పియానో ట్రియో" అని పోస్టర్ చూసి పన్నెండు వందలు పెట్టి టికెట్ కొన్నాను. పియానో, డబుల్ బేస్, డ్రమ్స్. ముగ్గురూ చెయ్యి తిరిగినవాళ్లే, ఆ మాట కాదనను. గంటన్నర వాయించారు. అందులో రష్యా అంటూ వినబడింది "మాస్కో రాత్రులు" పాట ఒక్కటే, అదీ చివర్లో చప్పట్ల కోసం. మిగతావన్నీ ఎక్కడ జాజ్ పెట్టినా వినబడే అమెరికన్ పాటలే. మరి పోస్టర్ మీద రష్యన్ అని ఎందుకేసినట్టు?

ఇంటికొచ్చి కసికొద్దీ వెతికితే మాస్కోలోని ఎల్‌ఆర్‌కే ట్రియో తగిలింది. లెబెదెవ్ పియానో, రెవ్‌న్యూక్ బేస్, క్రవ్‌త్సోవ్ డ్రమ్స్. ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపి పేరు పెట్టుకున్నారు. మూడు రోజులుగా అదే వింటున్నా. ఏదో తేడా ఉంది, కానీ ఆ తేడా ఏంటో నా చెవికి చిక్కట్లేదు. రష్యన్ సంప్రదాయం మీద నిలబడ్డ జాజ్‌లో ఏం వినాలి? పదేళ్లు కీబోర్డ్ నేర్చుకున్నా, స్వరాలతో చెప్పినా అర్థమవుతుంది.

పాత_రికార్డులు
ముందు ఆ పాట సంగతి. సలవ్యోవ్-సెదోయ్ 1950ల మధ్యలో కట్టిన సోవియట్ పాట అది. 1957లో మాస్కోలో జరిగిన ప్రపంచ యువజనోత్సవం పుణ్యమా అని దేశదేశాలకీ పాకింది. 1961లో ఇంగ్లండ్‌లో కెన్నీ బాల్ అనే ట్రంపెట్ ఆయన దాన్ని "మిడ్‌నైట్ ఇన్ మాస్కో" పేరుతో తన బ్యాండ్‌తో వాయించి పెద్ద హిట్ చేశాడు. అప్పట్నుంచీ బయటివాళ్లకి రష్యా అంటే ఆ పాటే. మంచి పాటే, కాదనను. కానీ దాన్ని స్వింగ్ అనే జాజ్ ఊపులో వాయించినంత మాత్రాన రష్యన్ జాజ్ అయిపోదు. మీ బాధ న్యాయమైనది.

ఉల్లి_పెసరట్టు
పన్నెండు వందల్లో టిఫినేమన్నా పెట్టారా అన్నా?

బెజవాడ_బాబీ
టీ ఇచ్చారు. చల్లారిపోయింది.

నల్లమెట్ల_టీచర్
బాబీ గారూ, కీబోర్డ్ దగ్గరుంటే ఇప్పుడే కూర్చోండి. ఎ ఫ్లాట్ సెవెన్ కార్డ్ (కలిపి నొక్కే స్వరాలు) పట్టుకోండి: ఎ ఫ్లాట్, సి, ఇ ఫ్లాట్, జి ఫ్లాట్. ఇప్పుడు డి సెవెన్: డి, ఎఫ్ షార్ప్, ఎ, సి. జి ఫ్లాట్, ఎఫ్ షార్ప్ రెండూ ఒకటే నల్లమెట్టు. అంటే మొదటి కార్డ్ నుంచి రెండోదానికి వెళ్తుంటే సి కదలదు, ఆ నల్లమెట్టు కదలదు. ఎ ఫ్లాట్ ఒక్క మెట్టు పైకి, ఇ ఫ్లాట్ ఒక్క మెట్టు కిందికి, అంతే. ఆ రెండు కార్డ్‌లనీ మార్చి మార్చి, కింద పెద్ద బేస్ స్వరం మోగనిస్తూ, పెడల్ తొక్కిపట్టి నెమ్మదిగా వాయించండి.

రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ "బరీస్ గదునోవ్" ఆపెరాలో పట్టాభిషేకం సీన్ అది. క్రెమ్లిన్‌లో గంటలన్నీ ఒక్కసారి మోగడాన్ని ఆయన ఈ రెండు కార్డ్‌లతో రాశాడు. ఆపెరా మొదటిసారి వేదికెక్కింది 1874లో, అప్పటికి జాజ్ అన్న మాటే లేదు. మీరు వింటున్న ట్రియోల్లో రష్యా వెతకాలంటే ఈ గంటల దగ్గర మొదలుపెట్టమని నా సలహా.

సూటిగా_చెప్తా
టీచర్ గారూ, ఇది జాజ్ నేర్చుకున్న ఎవరికైనా రెండో ఏడాదిలోనే వచ్చేస్తుంది. ట్రైటోన్ సబ్‌స్టిట్యూషన్ అంటారు. డి సెవెన్ ఉన్నచోట ఎ ఫ్లాట్ సెవెన్ వేసుకోవచ్చు, కారణం మీరు చెప్పిన ఆ రెండు స్వరాలే. న్యూయార్క్‌లో రోజూ వాడే సరుకుని తీసుకొచ్చి ఇది రష్యా అంటే ఎలా ఒప్పుకుంటాం?

నల్లమెట్ల_టీచర్
మంచి ప్రశ్న. అసలు తేడా అక్కడే ఉంది. జాజ్‌లో డి సెవెన్ వచ్చిందంటే అది జి కోసం బయల్దేరినట్టే, ఇల్లు చేరేదాకా చెవి ఊరుకోదు. దాని బదులు ఎ ఫ్లాట్ సెవెన్ వేసినా చేరేది ఆ ఇంటికే, దారి మారిందంతే. ముసోర్గ్‌స్కీ గంటల్లో రెండు కార్డ్‌లూ ఎక్కడికీ పోవు. ఒకదాన్నొకటి చూసుకుంటూ అక్కడే ఊగుతాయి. నలభై బార్లు (తాళం చుట్లు) గడిచినా జి రాదు, మనకీ రావాలనిపించదు. రష్యన్ పియానిస్టు జాజ్ వాయిస్తూ ఉన్నట్టుండి ప్రయాణం ఆపేసి ఒకే చోట నిలబడి మోగుతుంటే, అది ఈ ఇంటి నుంచి వచ్చిన అలవాటు.

ఇంకొకటి. ఆ రెండు కార్డ్‌లూ ఒకే స్కేలులో ఇముడుతాయి: డి, ఇ ఫ్లాట్, ఎఫ్, ఎఫ్ షార్ప్, ఎ ఫ్లాట్, ఎ, బి, సి. ఒక్క మెట్టు, రెండు మెట్లు, ఒక్క మెట్టు, రెండు మెట్లు, ఇలా దూరాలు. జాజ్ వాళ్లు దీన్ని డిమినిష్డ్ స్కేల్ అంటారు. రష్యాలో దీని పేరే రిమ్‌స్కీ-కోర్సకోవ్ స్కేలు. ఆ స్వరకర్త 1867లోనే "సద్‌కో"లో వాడాడు. రెండు ఊళ్లవాళ్లు ఒకే చెరువుకి వేరే వేరే దారుల్లో వచ్చారన్నమాట.

మృదంగం_మేష్టారు
ఎనిమిది స్వరాలు. అంటే ఏడు స్వరాల 72 మేళకర్త రాగాల్లో దీనికి చోటు లేదు. రెండు గాంధారాలు పడుతున్నాయి కదా. పాడి చూశాను, సాధారణ అంతర గాంధారాలు పక్కపక్కన నిలబెట్టడం గొంతుకి కష్టంగా ఉంది. కానీ వినడానికి బాగుంది.

స్మోలెన్స్క్_డాక్టర్
టీచర్ గారి గంటల మాట చదివి లాగిన్ అయ్యాను, రెండేళ్లయింది ఈ ఫోరమ్‌కి వచ్చి. నేను ఎంబీబీఎస్ స్మోలెన్స్క్‌లో చదివాను. అక్కడ కొండమీద ఆకుపచ్చ గోడల పెద్ద కెథడ్రల్ ఉంది. ఈస్టర్ తర్వాతి వారమంతా రష్యాలో ఒక ఆచారం, మామూలు జనం కూడా గంటగోపురం ఎక్కి గంటలు కొట్టొచ్చు. మూడో ఏడాదిలో మా క్లాస్‌మేట్ వాళ్ల ఊళ్లో ఒక చిన్న చర్చికి తీసుకెళ్లింది.

మన గుళ్లో గంట కొట్టే పద్ధతి, పశ్చిమ యూరప్‌లో గంట మొత్తాన్ని ఊపే పద్ధతి, రెండూ కాదు అక్కడ. గంట కదలదు. దాని నాలుకకి తాడు కట్టి లాగుతారు. చిన్న గంటల తాళ్లు కుడిచేతి వేళ్లకి, మధ్యరకం గంటలవి ఎడమచేతికి, పెద్ద గంటది కాలికింద చెక్కకి. గంటలు కొట్టే ముసలాయన నా కుడిచేతిని పట్టుకుని రెండు తాళ్లు వేళ్లకి చుట్టి, "తొందరపడకు, పెద్దదాని మాట విను" అన్నాడు. పెద్ద గంట ఒక్కసారి మోగితే కాళ్లకింద పలకలు అదిరాయి. దాని మోత తగ్గేలోపు చిన్నవి గబగబా ఏదో చెప్పుకుంటున్నట్టు మోగుతాయి. శ్రుతి కలిపిన గంటలు కావవి, ఒక్కోదాని స్వరం ఒక్కోలా. అయినా కలిసి మోగుతుంటే తప్పు అనిపించదు.

ఆ తర్వాత ఎక్కడ పియానో ట్రియో విన్నా నాకు ఆ మూడు కొలతలే గుర్తొస్తాయి. కింద ఒక్క స్వరం కొట్టి వదిలేసే బేస్, మధ్యలో ఎడమచెయ్యి, పైన గలగలలు.

బెజవాడ_బాబీ
డాక్టర్ గారూ, ఇది చదివాక ఒళ్లు జలదరించింది. రాత్రే ఆ రెండు కార్డ్‌లూ వాయించి చూశాను. పెడల్ వదలకుండా. మా ఆవిడ పక్కగదిలోంచి వచ్చి నిలబడింది, ఏంటది అని.

సీమ_వయొలిన్
గంటలు సరే, పాట సంగతి ఎవరూ ఎత్తలేదు. రష్యన్ పల్లెల్లో "ప్రత్యాజ్‌నయా" అని ఒక రకం పాటలున్నాయి. సాగదీసి పాడే పాట అని అర్థం. మాట మధ్యలో విరిగిపోతుంది, అచ్చులు చేరతాయి, విరిగిన మాటని మళ్లీ మొదట్నుంచి ఎత్తుకుంటారు. ఒకరు మొదలుపెడితే మిగతావాళ్లు అదే పాటని ఎవరి దారిలో వాళ్లు పాడతారు. ఆ పక్కదారి గొంతులని "పద్‌గోలస్కి" అంటారు. చరణం చివరికొచ్చేసరికి అందరూ ఒక్క స్వరం మీదికి చేరుకుంటారు.

నేను పాటకి వయొలిన్ పక్కవాద్యం వాయిస్తాను కాబట్టి ఇది నాకు బాగా అందింది. గాయకుడు ఆలాపన చేస్తుంటే నేను పావు క్షణం వెనక నీడలా వెళ్తాను, ఆయన ఆగినచోట నేను కాస్త ముందుకెళ్లి మళ్లీ ఆయన దగ్గరికే వస్తాను. అయితే మాకు దారి చూపేది ఒక్కరే. వాళ్లకి ఆ ఒక్కరు మొదటి చరణం వరకే.

ఓరుగల్లు_సుజాత
మా అమ్మమ్మోళ్లు నాట్లేసేటప్పుడు పాడుతుంటే ఒకామె అందుకుంటది, తతిమ్మావాళ్లందరు ఒక్కతీరుగ వంత పాడుతరు. ఎవ్వరి దారి వాళ్లు పట్టరు. పడితె తిట్లే. రష్యాల తిట్టరా వయొలిన్ అన్నా?

సీమ_వయొలిన్
తిట్టరమ్మా. పక్కదారి బాగా పట్టినామెకే పేరు అక్కడ.

సూటిగా_చెప్తా
పియానోకి గమకం లేదు. రెండు మెట్ల మధ్య స్వరం లేదు. పల్లెటూరి ఆడవాళ్ల గొంతులో ఉండేదాన్ని పియానో మీదికి ఎలా తెస్తారు? తెచ్చామని చెప్పుకోవడమే కదా ఇదంతా. ఉపన్యాసం విన్నాక మాత్రమే వినబడే సంగీతం మీద నాకు నమ్మకం లేదు, క్షమించండి.

పాత_రికార్డులు
ఈ ప్రశ్నకి మాటలకంటే రికార్డే మంచి జవాబు. మాస్కో ఆర్ట్ ట్రియో. 1990లో కూడారు. మీషా అల్పెరిన్ పియానో. అర్కాదీ షిల్‌క్లోపెర్ ఫ్రెంచ్ హార్న్, బల్షోయ్ థియేటర్ ఆర్కెస్ట్రాలో వాయించి వచ్చినవాడు. మూడో ఆయన సెర్గేయ్ స్తారొస్తిన్, మాస్కో కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో క్లారినెట్ చదివి, పల్లెలు తిరిగి ముసలమ్మల దగ్గర పాటలు సేకరించి, చివరికి తనే పాడటం మొదలుపెట్టాడు. పశువుల కాపర్లు ఊదే కొమ్ము, జలేయ్‌కా అనే పీపీ కూడా ఊదుతాడు.

పియానో గమకం పలకలేదన్నది నిజం. అల్పెరిన్ పలికించే ప్రయత్నం కూడా చెయ్యడు. పాట గొంతుకి వదిలేసి, తను ఆ పాట చుట్టూ ఉన్న గాలిని వాయిస్తాడు. 1994లో వచ్చిన "ప్రేయర్" వినండి, తర్వాత 1996 నాటి "హాంబర్గ్ కాన్సర్ట్". ఒక్క రాత్రి చాలు.

మృదంగం_మేష్టారు
పియానో, కొమ్ము, గొంతు. బేస్ లేదు, డ్రమ్స్ లేవు. దీన్ని పియానో ట్రియో అనొచ్చా?

సూటిగా_చెప్తా
అనకూడదు. జాజ్‌లో పియానో ట్రియో అంటే పియానో, బేస్, డ్రమ్స్. మాట తప్పితే చర్చే లేదు.

పాత_రికార్డులు
అయితే సోవియట్ కాలంలో అన్నిటికంటే పేరున్న ట్రియోని కూడా బయటికి పంపాలి మీరు. గనేలిన్ ట్రియో. పియానో గనేలిన్, డ్రమ్స్ తరాసోవ్, శాక్సఫోన్ చెకాసిన్. గనేలిన్, తరాసోవ్ అప్పటికే లిథువేనియాలోని విల్నియస్‌లో కలిసి వాయిస్తున్నారు. 1971లో స్వెర్ద్‌లోవ్‌స్క్ నుంచి చెకాసిన్ వచ్చి కలిశాడు. బేస్ మనిషి లేడు. బాసెట్ అనే చిన్న కీబోర్డ్ మీద బేస్ కూడా గనేలినే వాయించేవాడు. చెకాసిన్ ఒక్కోసారి రెండు శాక్సఫోన్లు ఒకేసారి నోట్లో పెట్టుకునేవాడు. 1970ల్లో సోవియట్ ప్రభుత్వ రికార్డు కంపెనీ మెలోడియా వాళ్ల "కాన్ అనిమా" వేసింది. తర్వాత వాళ్ల టేపులు లండన్ చేరితే లియో రికార్డ్స్ వేసింది, ఈ ప్రచురణకి సంగీతకారులు బాధ్యులు కారు అని అట్టమీద అచ్చు వేసి మరీ. వాళ్లకి ఇంటిదగ్గర ఇబ్బంది రాకూడదని. 1987లో గనేలిన్ ఇజ్రాయెల్ వెళ్లిపోవడంతో ట్రియో విడిపోయింది.

ఆ ఒక్క వాక్యం అచ్చైన అట్టని చేత్తో పట్టుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

స్మోలెన్స్క్_డాక్టర్
అంతకుముందు తరం కథ ఇంకా కష్టం. 1940ల చివర్లో, 50ల్లో బయటి దేశాల పాటలు దొరక్క, ఆస్పత్రుల్లో పారేసిన ఎక్స్-రే ఫిల్ముల మీద పాటలు గీయించుకునేవాళ్లు. గుండ్రంగా కత్తిరించి, మధ్యలో సిగరెట్‌తో రంధ్రం కాల్చి. "ఎముకల మీద పాటలు" అని పేరు. మా అనాటమీ ప్రొఫెసర్ ఒకటి క్లాసుకి తెచ్చి చూపించారు. లైటుకి ఎదురు పెడితే పక్కటెముకలు, వాటిమీద గీతలు. 1955 నుంచి వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కానోవర్ జాజ్ వినిపించడం మొదలయ్యాక రాత్రిళ్లు రేడియో దగ్గర కూర్చుని స్వరాలు రాసుకున్నవాళ్లే తర్వాతి జాజ్ మనుషులయ్యారు.

ఉల్లి_పెసరట్టు
విరిగిన ఎముకకి కట్టు కట్టినట్టు పాట కట్టారు. సీరియస్‌గానే అంటున్నా డాక్టర్ గారూ, ఇది తెలీదు నాకు.

ఓరుగల్లు_సుజాత
మా నాయిన దగ్గర మెలోడియా రికార్డ్ ఒకటుండె. రష్యా పుస్తకాలు అమ్మే బండి వస్తే పుస్తకాలతోటి తెచ్చిండట. పియానోనే, కని మన రాగం లెక్క వినబడేది. చిన్నప్పుడు సింధుభైరవి అనుకున్న. అట్టమీద పేరు వాగిఫ్ అని నాయిన చదివి చెప్పిండు. అది ఈ లెక్కలకొస్తదా?

పాత_రికార్డులు
సుజాత గారూ, ఆ రికార్డ్ ఇంకా ఉంటే జాగ్రత్తగా దాచండి. వాగిఫ్ ముస్తఫాజాదె. బాకూ ఆయన, 1940లో పుట్టి 1979 డిసెంబర్‌లో తాష్కెంట్‌లో కచేరీ అయ్యాక పోయారు, ఇంకా నలభై నిండలేదు. అజర్‌బైజాన్ ముగామ్‌ని పియానో మీదికి తెచ్చి జాజ్‌లో కలిపారు. ముగామ్‌లో రాగంలాగే స్వరాల నడక, విశ్రాంతి స్థానం, ఆలాపన ఉంటాయి. మీకు సింధుభైరవి తోచడంలో వింతేం లేదు. కానీ అది రష్యా కాదు. అజర్‌బైజాన్.

ఓరుగల్లు_సుజాత
మా ఇండ్లల్ల సోవియట్ అన్నవన్ని రష్యానే కదన్నా. రష్యా పుస్తకాలు, రష్యా బొమ్మలు.

నల్లమెట్ల_టీచర్
మా ఇంట్లోనూ అంతే. కానీ ఈ విషయంలో పాత_రికార్డులు గారి పక్షం నేను. ఆమాటకొస్తే అల్పెరిన్ పుట్టింది ఉక్రెయిన్‌లో, కమెనెత్స్-పొదోల్‌స్కీ అనే ఊళ్లో. పెరిగింది మోల్డోవాలో. 1993లో నార్వే వెళ్లి అక్కడ పాఠాలు చెప్పుకుంటూ 2018లో అక్కడే పోయారు. ఆయన సంగీతంలో మోల్డోవా పెళ్లి డాన్సులు కూడా వినబడతాయి. పియానో స్వరకర్త కపూస్తిన్ కూడా అంతే, పుట్టింది ఉక్రెయిన్‌లోని హోర్లివ్కాలో, చదివింది మాస్కోలో. ఈ రోజుల్లో ఈ తేడా చెప్పకుండా ఊరికే "రష్యన్" అని ముద్ర వేసేయడం నాకు మనసొప్పదు. పాటకి ఊరుంటుంది, ఆ ఊరి పేరు చెప్పాలి.

సూటిగా_చెప్తా
కపూస్తిన్ పేరెత్తారు కాబట్టి. ఆయనది జాజ్ కానే కాదు. 1984 నాటి ఎనిమిది ఎట్యూడ్‌లు (సాధన ముక్కలు) చూడండి, ప్రతి స్వరమూ కాగితం మీద రాసుంది. మనోధర్మం లేనిది జాజ్ ఎలా అవుతుంది?

నల్లమెట్ల_టీచర్
తనది జాజ్ కాదని ఆయనే అన్నారు. మన ఇద్దరికీ ఒక్క విషయంలోనైనా కుదిరింది, సంతోషం. నా స్టూడెంట్ ఒకమ్మాయి ఆ ఎట్యూడ్‌లలో మొదటిది నాలుగు నెలలుగా సాధన చేస్తోంది. వేళ్లు రష్యన్ కన్సర్వేటరీవి కావాలి, భుజాలు జాజ్‌వి కావాలి. భుజాలు ఇంకా రాలేదు.

మృదంగం_మేష్టారు
లయ సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. ముసోర్గ్‌స్కీ 1874లో రాసిన "పిక్చర్స్ ఎట్ ఏన్ ఎగ్జిబిషన్" మా అబ్బాయి పెట్టాడు. మొదట వచ్చే నడక పాటకి తాళం వేద్దామని కూర్చుని రెండుసార్లు తప్పాను. మూడోసారి దొరికింది. అయిదు, ఆరు, అయిదు, ఆరు. ఖండం వేసి వెంటనే రూపకం వేసినట్టు. "రష్యన్ పద్ధతిలో" అని ఆయనే పైన సూచన రాశాడట. పల్లెపాటలో మాట ఎంత పొడవుంటే లయ అంత పొడవు, తాళం వచ్చి మాటని కత్తిరించదు. జాజ్ డ్రమ్మర్‌కి నాలుగు చొప్పున ఎంచడం నెత్తుర్లో ఉంటుంది. ఈ నడక కింద స్వింగ్ పెట్టాలంటే డ్రమ్మర్ మొత్తం మర్చిపోయి కొత్తగా నేర్చుకోవాలి. బాబీ, నువ్వు చెప్పిన ట్రియోలో డ్రమ్స్ అబ్బాయిని విను. కుడిచెయ్యి ఏం చేస్తోందో కాదు, ఎక్కడ ఊరుకుంటున్నాడో చూడు.

బెజవాడ_బాబీ
మేష్టారూ, అలాగే విన్నాను. ఒక ట్రాక్‌లో పియానో వాక్యం అయ్యేదాకా సింబల్ మీద బ్రష్ అలా ఉంచేసి ఆగాడు. ఇంతకుముందు అక్కడ ఏమీ లేదనుకునేవాణ్ణి.

సూటిగా_చెప్తా
"ప్రేయర్" రాత్రి విన్నాను. రెండుసార్లు. స్తారొస్తిన్ గొంతు మొదలయ్యాక పియానో దాదాపు ఆగిపోతుంది, కింద ఒక్క స్వరం మాత్రం అప్పుడప్పుడూ. ఉపన్యాసం గుర్తు రాలేదు. నేను అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. పియానో ట్రియో అనకూడదన్నది మాత్రం తీసుకోను.

పాత_రికార్డులు
అది ఉంచుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఇది నచ్చితే 1998 నాటి "మౌంటెన్ టేల్" కూడా వినండి. అదే ట్రియో, బల్గేరియన్ ఆడవాళ్ల బృందగానం, సైబీరియాలోని తువా నుంచి గొంతులో రెండు స్వరాలు పలికించే హూన్-హూర్-తూ. వయొలిన్ గారు చెప్పిన పక్కదారి గొంతులు ఒక్కసారి ఎన్ని వస్తాయో లెక్కపెట్టలేం.

సీమ_వయొలిన్
డాక్టర్ గారూ, మీరు గంటలు కొట్టినరోజు రికార్డ్ ఏమన్నా చేశారా? పెద్ద గంట మోతలో ఏ స్వరాలున్నాయో శ్రుతిపెట్టెతో చూడాలని ఉంది.

స్మోలెన్స్క్_డాక్టర్
చేశాను, పాత నోకియాలో. గాలి చప్పుడు ఎక్కువుంటుంది. ఆ ఫోన్ అమ్మవాళ్లింట్లో బీరువాలో ఉంది, చార్జర్ వెతకాలి. ఆదివారం ఏలూరు వెళ్తున్నా, దొరికితే ఇక్కడే పెడతా.